కోతల పండుగ కానుక ఈసారి ఎక్కడికి వెళ్తోందంటే

సంఘస్తులందరికీ, అప్పుడప్పుడు ఆరాధనకి వచ్చిపోయే స్నేహితులకీ, ఊళ్ళో ఉండి ఫోన్‌లో ప్రసంగం వినే పెద్దవాళ్ళకీ ప్రభువు నామంలో వందనాలు.

విషయం డబ్బు గురించే కాబట్టి తిప్పి తిప్పి చెప్పను. కోతల పండుగ వేలంలో వచ్చే మొత్తం, దాంతో పాటు ఈ నెల ప్రత్యేక కానుక కవర్లు, ఈసారి సౌండ్ సిస్టమ్‌కి కాదు, కాంపౌండ్ గోడకీ కాదు, కష్టంలో పడ్డ ఇళ్ళల్లో పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే ఉండేలా చూసే ఒక సహాయ నిధికి వెళ్తుందని కమిటీ తీర్మానం చేసింది. అంత ఈజీగా ఏం అవ్వలేదులెండి, మైకు గర్‌మంటోందని ఎప్పట్నుంచో అంటున్నవాళ్ళు గట్టిగానే మాట్లాడారు, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది, మైకు నిజంగానే గర్‌మంటోంది. ఇంకో ఏడాది గర్‌మంటుంది.

ఈ లెటర్ నన్ను రాయమన్నది పాస్టర్ గారు. జాయింట్ సెక్రటరీవి కదా అని పైకి అన్నారు గానీ అసలు కారణం వేరే, నేను దత్తత బిడ్డని, ఈ నిధి ఆలోచన కమిటీ ముందు పెట్టింది కూడా దత్తతకి వచ్చి మన సంఘంలోనే పెరిగిన ముగ్గురం. నా సంగతి పాతవాళ్ళకి తెలుసు, కొత్తగా బెంగళూరు వచ్చిన ఐటీ పిల్లలకి తెలీకపోవచ్చు, దాచేదేం లేదు.

ముందే ఒక మాట, మా అమ్మానాన్నల మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. చూశారా, ఇలా మొదలుపెట్టాల్సి వస్తోంది, దత్తత గురించి మేం నోరు తెరిస్తే ముందు పెంచినవాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చి ఆ తర్వాతే మిగతాది మాట్లాడాలి, లేదంటే కృతజ్ఞత లేనిది అనేస్తారు. చిన్నప్పట్నుంచి నేను ఎక్కువగా విన్న మాట "ఎంత అదృష్టమే నీది" అని. కాదనను. కానీ ఈ అదృష్టం కంటే ముందు నాకు ఒక అమ్మ ఉండేది, ఆమె నాకు దూరమయ్యాకే ఇది వచ్చింది, ఆ పోగొట్టుకున్నదాని గురించి మాత్రం ఎవరూ అడగరు, అడిగితే పిల్ల మనసు పాడవుతుందని కాబోలు. అడక్కపోతేనే ఎక్కువ పాడవుతుంది, నన్నడిగితే. నా మొదటి కాన్పు టైంలో డాక్టరమ్మ "మీ అమ్మగారికి షుగర్ ఉందా, బీపీ ఉందా" అని మామూలుగా అడిగారు, పక్కన కూర్చున్న మా అమ్మ తన షుగర్ గురించి చెప్పబోయి టక్కున ఆగిపోయింది, పాపం ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు, రేపు నా పిల్లల దగ్గరా ఉండదు.

కాగితాల సంగతి ఇంకోటి. మన క్రైస్తవులకి చాలాకాలం దత్తత చట్టమే లేదు, 1956 నాటి చట్టం హిందువులకి, సిక్కులకి, జైనులకి, బౌద్ధులకి మాత్రమే, మనవాళ్ళు 1890 లో ఇంగ్లీషోళ్ళు చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెళ్ళి సంరక్షకులు అనిపించుకోవాలి, అంతవరకే. అందుకే నా ఫైల్లో మా నాన్న నాన్న కాదు, గార్డియన్. 2000 లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం, 2006 లో దానికి చేసిన సవరణ వల్ల ఏ మతం వాళ్ళైనా దత్తత తీసుకునే దారి వచ్చింది, 2014 లో సుప్రీంకోర్టు కూడా ఆ దారి ఉందని ఖాయం చేసింది, అప్పటికి నాకు పెళ్ళైపోయింది.

మా ముగ్గురిదీ ఒకటే మాట అనుకోకండి. తమ్ముడొకడు ఉన్నాడు, వైట్‌ఫీల్డ్‌లో జాబ్, "నాకున్న అమ్మ చాలక్కా, వెతకను" అంటాడు, దాని మీద ఇంకో మాట మాట్లాడనివ్వడు, అది వాడి హక్కు. ఇంకో అమ్మాయి 18 నిండిన రోజు నుంచి కాగితాలు పట్టుకుని తిరుగుతోంది, ఇప్పుడున్న రూల్స్ ప్రకారం 18 దాటిన దత్తత పిల్లలు తమ మూలాల కోసం సొంతంగా అప్లై చేసుకోవచ్చు, అయితే కన్నతల్లి ప్రైవసీ కూడా చూడాలి, ఆమెకి ఇష్టం లేకపోతే బలవంతం లేదు. ఆ అమ్మాయికి కావాల్సింది తల్లి కంటే ఎక్కువ ఒక అన్నయ్య, పాత ఫైల్లో ఒక లైన్ ఉందట ఇద్దరు పిల్లలని, ఒకళ్ళని ఒక ఇంటికి ఇంకొకళ్ళని ఇంకో ఇంటికి ఇచ్చేశారు. నేను ఈ రెంటికీ మధ్యలో ఉన్నాను, ఒక్కో ఏడాది ఒక్కోలా అనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురం ఒకటే. మమ్మల్ని ఇచ్చేసిన రోజు మా తల్లుల్ని "నీ బిడ్డని నువ్వే పెంచుకోవాలంటే నీకేం కావాలి" అని అడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా. అడిగి ఉంటే జవాబు పెద్ద మొత్తం అయ్యుండేది కాదేమో, రెండు మూడు నెలల అద్దె, ఒక ఆసుపత్రి బిల్లు, పని దొరికేదాకా బిడ్డని చూసుకునే ఒక మనిషి.

మోషే కథ మీకు నేను చెప్పక్కర్లేదు, బిడ్డని ఏటి ఒడ్డున దాచిన ఆ జమ్ముపెట్టె బొమ్మ సండే స్కూల్లో వేయని పిల్లలు ఉండరు. కానీ మనం ఎప్పుడూ ఆ పెట్టె దగ్గరే ఆగిపోతాం. తర్వాత జరిగింది చూడండి, అక్క పరిగెత్తుకెళ్ళి సొంత తల్లినే దాదిగా తీసుకొచ్చింది, ఫరో కుమార్తె ఆ తల్లికి జీతం ఇస్తానని ఒప్పుకుంది, యోకెబెదు తన బిడ్డకి తానే పాలిచ్చుకుంది, జీతం తీసుకుని మరీ. ఆ ఇంటి మీదికి వచ్చింది మగబిడ్డల్ని చంపమన్న రాజు ఆజ్ఞ, మన చుట్టుపక్కల ఇళ్ళ మీదికి వచ్చేది ఎక్కువసార్లు అద్దె, అప్పు, జబ్బు. మేం అడుగుతున్నది ఆ జీతం లాంటిదే.

మన చుట్టుపక్కల అంటే నిజంగా చుట్టుపక్కలే. వర్తూరు రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉండేవాళ్ళలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ వాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, మేస్త్రీ పరంజా మీంచి పడితే ఆ ఇంట్లో సంపాదన ఆ మధ్యాహ్నమే ఆగిపోతుంది, షెడ్డు కాంట్రాక్టర్‌ది కాబట్టి వారంలో ఖాళీ చేయమంటారు, చంకలో పిల్లతో అతని భార్య ఎక్కడికి వెళ్ళాలి. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పనిచేసే పెళ్ళికాని పిల్ల కడుపుతో ఉందని తెలిస్తే రూమ్ ఓనర్ వెళ్ళగొడతాడు, ఊరికి వెళ్ళలేదు, వాణీ విలాస్ ఆసుపత్రిలో ఒక్కతే కంటుంది, వార్డులో ఎవరో ఒకళ్ళు చేరి "నీకెందుకమ్మా ఈ బరువు, మంచి ఇంటికి ఇప్పిస్తాం" అని చెవిలో వేస్తారు. ఇళ్ళల్లో పనిచేసే ఆమె బిడ్డని ఎక్కడ పెట్టాలో తెలీక హాస్టల్‌లో వేస్తుంది, మూడు పూటలా తింటాడు చదువుకుంటాడని. మనం క్రిస్మస్‌కి కేకు, దుప్పట్లు పట్టుకుని ఆశ్రమాలకి వెళ్తాం కదా, ఈసారి వెళ్ళినప్పుడు పిల్లల్ని నెమ్మదిగా కదిపి చూడండి, అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. లేనిది డబ్బు. ఆశ్రమానికి ఇచ్చే దుప్పటి మంచిదే, అదే డబ్బు ముందే ఆ తల్లికి అందితే పిల్లాడు ఇంట్లోనే పడుకునేవాడు.

చట్టం కూడా ఇదే చెప్తోంది, మేం కనిపెట్టిందేం కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో బిడ్డని సంస్థలో పెట్టడం ఆఖరి మార్గం అని రాసుంది. బిడ్డని వదులుకుంటానని తల్లి పిల్లల సంక్షేమ కమిటీ ముందు సంతకం పెట్టినా ఆలోచించుకోవడానికి 60 రోజులు ఇవ్వాలి, ఆ లోపు మనసు మారితే బిడ్డని వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ 60 రోజులు ఆమె ఏం తింటుంది, ఎక్కడ ఉంటుంది అనేది సెక్షన్‌లో లేదు. దక్షిణ కొరియాలో ఒకప్పుడు వేలకి వేలు పిల్లల్ని అమెరికాకీ యూరప్‌కీ పంపేశారు, ఆ పిల్లలే పెద్దయ్యి వెనక్కొచ్చి పోరాడితే 2012 లో అక్కడ చట్టం మారింది, కాన్పయిన వారం దాకా తల్లి దగ్గర సంతకం తీసుకోకూడదు, బిడ్డని ఉంచుకుంటే ఏ సాయం దొరుకుతుందో ముందు చెప్పాలి. మనదాకా వస్తే 1999 లో, మళ్ళీ 2001 లో లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొని హైదరాబాద్ సంస్థల ద్వారా విదేశాలకి దత్తత పంపుతున్న వ్యవహారం బయటపడింది, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చేతులు మారిన డబ్బులో ఆ తల్లులకి దక్కింది ఏపాటి.

గవర్నమెంట్ స్కీమ్ లేదా అంటే ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని బిడ్డకి నెలకి 4,000 ఇస్తారు, భర్త పోయిన తల్లులు, భర్త వదిలేసినవాళ్ళు, ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్న తల్లిదండ్రులు, ఇలాంటి ఇళ్ళకి, అమ్మానాన్నలు లేక అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగే పిల్లలకి కూడా. జిల్లా బాలల రక్షణ యూనిట్‌లో అప్లై చేయాలి. సిటీలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు, అంటే నెలకి 8,000, బెంగళూరులో 8,000 తో ఏ ఇల్లు నడుస్తుందో నాకైతే తెలీదు, నాలుగిళ్ళల్లో గిన్నెలు తోమే ఆమె కూడా అంతకంటే ఎక్కువే చూపించాల్సి వస్తుంది. అర్హత ఉన్నా అప్లికేషన్, ఎంక్వైరీ, కమిటీ మీటింగ్ అయి డబ్బు పడేసరికి నెలలు పడుతుంది, అద్దె అప్పటిదాకా ఆగదు. ఈ మధ్యలో ఉన్న గ్యాప్‌కే మన నిధి.

మొదట్లో ఒకేసారి మూడు నాలుగు కుటుంబాలకి మించి తీసుకోం, మన శక్తి అంతే. గది అద్దె, పాలడబ్బా, మందులు, బేబీ సిట్టింగ్ ఫీజు, ఇవి నేరుగా కట్టేస్తాం. ఇంతకంటే ముఖ్యమైనది నా దృష్టిలో మనిషి తోడు, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు అక్కలు స్పాన్సర్‌షిప్ ఫారం దగ్గర కూర్చుంటామన్నారు, యూత్‌లో కన్నడ బాగా వచ్చిన పిల్లలు ఆఫీసులకి వెంట వెళ్తామన్నారు, ఎందుకంటే ఊరి నుంచి వచ్చిన ఆమె కౌంటర్ దగ్గర భాష రాక సగంలోనే తిరిగొచ్చేస్తోంది. కన్‌స్ట్రక్షన్ పని చేసేవాళ్ళకి లేబర్ కార్డు, అంటే కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు, చేయిస్తాం, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే చాలు, ప్రమాదం జరగకముందే చేయించుకోవాలి, జరిగాక పరిగెత్తితే లాభం లేదు.

సాయం తీసుకునేవాళ్ళ మతం అడగం, ఆదివారం రమ్మని షరతు పెట్టం. ఫోటోలు తీయం, స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించం. ఇది మా ముగ్గురి పట్టుదల, పదేళ్ళ వయసులో నన్ను ముందుకి పిలిచి "దేవుడు ఈ పాపకి ఇల్లు ఇచ్చాడు" అని చప్పట్లు కొట్టించారు, అందరూ ప్రేమతోనే చేశారు, నాకు మాత్రం నేల చీలిపోతే బాగుండనిపించింది.

తాగొచ్చి పిల్లల్ని కొట్టే ఇల్లు, ఇంకా ఘోరాలు జరిగే ఇల్లు ఉంటే అక్కడ కుటుంబాన్ని కలిపి ఉంచండి అని మేం అనం, అలాంటి చోట బిడ్డ బయటికి రావాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చేయాలి, గుట్టు కాపాడటానికి ఈ డబ్బు వాడం. అమ్మకి బిడ్డతో విడిగా ఉండటానికి గది కావాలంటే మాత్రం తప్పకుండా ఇస్తాం. అలాగే అన్నీ విన్నాక కూడా బిడ్డని ఇచ్చేస్తానని తల్లి అంటే ఆమెని తప్పు పట్టేది లేదు, సరైన దారిలో పిల్లల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్తాం.

పిల్లలు లేనివాళ్ళు పాస్టరమ్మ గారిని పక్కకి పిలిచి "ఎవరైనా బిడ్డని ఇచ్చేవాళ్ళుంటే చెప్పండమ్మా" అని అడుగుతున్నారట. మీ బాధ తెలుసు, మా అమ్మ పడింది అదే బాధ. కానీ దయచేసి అలా అడగొద్దు, చేతి నుంచి చేతికి బిడ్డని ఇచ్చినా తీసుకున్నా జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 80 కింద మూడేళ్ళ దాకా జైలు లేదా లక్ష జరిమానా, రెండూ కూడా పడొచ్చు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోండి, ఎదురుచూపు ఎక్కువే, ఫారం నింపడానికి సాయం కావాలంటే నేనొస్తాను. ఈ నిధి దగ్గరికి వచ్చే ఏ తల్లి బిడ్డా ఏ ఇంటికీ క్యూలో ఉండదు, ఇది గట్టిగా అర్థం చేసుకోండి.

ఇక ఇచ్చే విధానం. ఆరాధన అయ్యాక ట్రెజరర్ గారి టేబుల్ దగ్గర కవర్లు ఉంటాయి, నోటీస్ బోర్డు మీద క్యూఆర్ కోడ్ ఉంది, అది సంఘం అకౌంట్‌దే, పేరు చూసుకుని పంపండి, వాట్సాప్‌లో ఎవరో ఫార్వర్డ్ చేసిన కోడ్‌కి పంపొద్దు. వేలానికి గుమ్మడికాయ అయినా కోడి అయినా పచ్చడి జాడీ అయినా తీసుకురండి, నాలుగు మునక్కాయలకి వెయ్యి పాడే అంకుల్స్ మనకి ఉన్నారు, దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి. ఒకేసారి పెద్ద మొత్తం కంటే నెలకి 300, 500 అని ఏడాది పాటు ఇస్తే మాకు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఒక ఇంటికి మాటిచ్చాక మధ్యలో ఆపలేం. ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు ఇచ్చే 80జి మనకి లేదు, రసీదు మాత్రం ఇస్తాం. అమెరికాలో ఉన్న పిల్లలు పంపాలనుకుంటే, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు బ్యాంక్ ద్వారా తమ సొంత డబ్బు పంపొచ్చు, అక్కడి సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళ దగ్గర మనం తీసుకోకూడదు, విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మనకి లేదు, అల్లుడు గారు మంచి మనసుతో పంపినా తిప్పి పంపాల్సి వస్తుంది. లెక్కలు మూడు నెలలకోసారి బోర్డు మీద పెడతాం, పేర్లు లేకుండా, దేనికెంత అని.

మీ అపార్ట్‌మెంట్‌లోనో మీ వీధిలోనో అలాంటి ఇల్లు ఉందని తెలిస్తే పాస్టరమ్మ గారికో నాకో పర్సనల్‌గా చెప్పండి, రాత్రి అయినా పర్లేదు. సంఘం గ్రూప్‌లో మాత్రం పేరు పెట్టొద్దు, ప్రార్థన మనవి అని కూడా పెట్టొద్దు.