పాత గోడలకు సిమెంటు పూత వద్దు

సంపాదకులకు నమస్కారం.

1935లో గ్రానైటు రాయితో కట్టిన హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్‌ను శుభ్రపరచి, 2020లో తిరిగి ప్రారంభించినప్పుడు ఎంతో సంతోషించాను. అదే శ్రద్ధ పాత ఇళ్ల మరమ్మతుల్లోనూ కనబడాలన్నదే నా విన్నపం.

మా పాతబస్తీ ఇంటి సున్నపు గోడలకు ఒక కాంట్రాక్టరు సిమెంటు గిలాబు (పూత) చేయించాడు. సున్నం చెమ్మను పీల్చి తిరిగి గాలిలోకి వదులుతుంది, సిమెంటు మాత్రం దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. అందువల్ల రెండో వానాకాలానికే గోడ ఉబ్బి పెళ్లలుగా రాలిపోయింది, వేలితో గీస్తే ఇటుక పొడిగా చేతికొచ్చింది. చివరకు ఒక ముసలి మేస్త్రి, ఎంతో ఓపికతో, ఆ సిమెంటునంతా చెక్కించి, గానుగలో నూరిన సున్నంలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి పూత పూశాడు. ఆ గోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. టేకు దూలాలను, రంగుటద్దాల తలుపులను అలాగే ఉంచి, వంటగదిని మాత్రం నేటి అవసరాలకు తగినట్టు అమర్చుకున్నాం.

ఇలాంటి పని తెలిసిన మేస్త్రీలు నానాటికీ తగ్గిపోతున్నారు. ప్రభుత్వం వారి జాబితాను ఇంటి యజమానులకు అందుబాటులో ఉంచాలని, ఐటీఐల్లో సున్నపు పనిని వారి చేతనే నేర్పించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్