మీ నాయన అడిగిన గోడ

కర్నూలు,
ఆదివారం రాత్రి

ఒరే రఘూ,

ఎట్లున్నావు? ఫోన్‌లో మొదలుపెడితే సగంలో నీకు ఏదో ఒక మీటింగ్ వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు, నీతో ఒక పని కూడా ఉంది.

పొద్దున మీ నాయన మా ఇంటికొచ్చారు. శ్రీశైలం డ్యాం నీళ్లు నిండు మట్టం 885 అడుగులకు దగ్గరపడ్డాయని పేపర్లో చదివారట, ఆ మాటే ఎత్తారు. "సంగమేశ్వరం గుడి మునిగిపోయింది. ఇంక ఎండలు ముదిరి నీళ్లు తగ్గేదాకా కనపడదు" అన్నారు. "రా మామా, ఇప్పుడే చూపిస్తా" అని, పెట్టుకుంటే ఆ చోట్లోనే ఉన్నట్టు చూపించే వీఆర్ హెడ్‌సెట్ తీసి ఆయన తలకు పెట్టాను.

మార్చిలో నేనూ ఇద్దరు కుర్రోళ్లూ నందికొట్కూరు మీదుగా ముచ్చుమర్రి వెళ్లి, అక్కడే ఉండి మూడు తెల్లవార్లు ఆ గుడి ఫోటోలు తీశామని చెప్పాను కదా. 2,300 ఫోటోలు వచ్చాయి. వాటిని కంప్యూటర్‌లో కలిపి గుడికి త్రీడీ మోడల్ చేశాం. ఎండ రాకముందే తీయాలి. లేకపోతే ఆ పూట పడిన నీడ మోడల్‌లో రాయి మీద మరకలాగా ఉండిపోతుంది. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో ముప్పాతిక భాగం పక్క ఫోటోలోనూ పడాలి. అప్పుడే సాఫ్ట్‌వేర్ ఒకే రాతి చుక్కను నాలుగైదు ఫోటోల్లో గుర్తుపట్టి, కెమెరా ఎక్కడుందో, రాయి ఎంత దూరమో లెక్కగడుతుంది. అట్లాంటి చుక్కలు కోట్లు చేరితే గుడి నిలబడుతుంది. గుళ్లో నేల మీద ఒండ్రుమట్టి ఎండి బీటలు వారి ఉంది, ఆ బీటల్లో నత్తగుల్లలు. అవి కూడా మోడల్‌లో ఉన్నాయి, తీసేయబుద్ధి కాలేదు. గర్భగుడి చీకటి మాత్రం బాగా ఇబ్బంది పెట్టింది. తడి రాయి మెరిస్తే కూడా సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది. ఆ చోట్లలో మోడల్‌కు బొక్కలు పడ్డాయి, అట్లాగే వదిలేశాం.

తల తిప్పినంత వేగంగా బొమ్మ తిరగకపోతే హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మీ నాయనకు అట్లా అవుతుందేమోనని నాకు టెన్షన్. ఆయనకు ఏమీ కాలేదు. రెండడుగులు వేశారు, నేను భుజం పట్టుకున్నా. గర్భగుడి వాకిలి దగ్గరికి రాగానే తల వంచారు. మా హాల్లో ఆయన తలకు తగిలేదేముందిరా, సీలింగ్ ఫ్యాన్ కూడా అంత ఎత్తున ఉంది! కానీ ఆ వాకిలి తక్కువ ఎత్తని ఆయన ఒంటికి గుర్తుంది. పన్నెండేళ్ల వయసులో ఊరు వదిలిన మనిషి. లోపల వేపదారు శివలింగం ముందు చాలాసేపు నిలబడ్డారు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని మీ నాయనమ్మ చెప్పేది కదా, ఆ కథే మళ్లీ చెప్పారు.

బయటికొచ్చాక ఎడమ చెయ్యి చాపి గాల్లో తడిమారు. "ఇక్కడ గోడ ఉండాలి, ఏదిరా?" అన్నారు. ఆ ప్రాకారం గోడ మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ బుడ్డలు ఒలుచుకుని తినేవాళ్లట. ఇప్పుడక్కడ పడిపోయిన రాళ్లే ఉన్నాయి, మోడల్‌లోనూ అంతే. మా కుర్రోడు వెంటనే, "అన్నా, ఏఐతో నిమిషంలో గోడ కట్టేద్దాం, వేరే గుడి ప్రాకారం ఫోటో ఒకటి ఇస్తే చాలు" అన్నాడు. మీ నాయన ముఖం చూస్తే నాకూ సరే అనాలనిపించింది. కానీ వద్దన్నాను.

ఎందుకో చెప్తా. పుస్తకంలో బొమ్మ వేస్తే చూసేవాడికి అది బొమ్మేనని తెలుస్తుంది. దీంట్లో అట్లా కాదు. లేని వాకిలికి తల వంచిన మనిషి, మనం కల్పించిన గోడకూ ఆనుకోబోతాడు. రేపు మీ పిల్లలు చూసి అదే నిజమనుకుంటారు. ఇట్లాంటి పనులు చేసే పరిశోధకులు 2006లో లండన్ చార్టర్ అని ఒకటి రాసుకున్నారు. ఏది ఆధారం ఉండి చేశాం, ఏది ఊహించి చేశాం అన్నది చూసేవాళ్లకు తెలియాలన్నది అందులో ముఖ్యమైన మాట.

ఉన్నదాన్ని ఉన్నట్టు కొలిచి పెడితే ఎంత పనికొస్తుందో చూడు. ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ 2010లో పారిస్ నోత్రదామ్ చర్చిని 50కి పైగా చోట్ల నిలబడి లేజర్‌తో కొలిచాడు, వంద కోట్లకు పైగా చుక్కలు. ఆయన 2018 నవంబరులో పోయాడు. 2019 ఏప్రిల్ 15న చర్చికి నిప్పంటుకుంది. తిరిగి కట్టేవాళ్లకు ఆయన కొలతలు అక్కరకొచ్చాయి. మన దగ్గర కూడవెల్లి సంగమేశ్వరం అనే ఇంకో గుడిని శ్రీశైలం ముంపుకు ముందే రాళ్లు విప్పి అలంపురం దగ్గర మళ్లీ కట్టారు. ఈ గుడికి ఆ అదృష్టం పట్టలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. ప్రతి ఎండాకాలం పోయి కొలిస్తే ఏ రాయి ఎంత జారిందో అయినా తెలుస్తుంది. వచ్చే మార్చికీ పోతున్నా.

ఇప్పుడు నీ పని. మీ పెద్దత్త పెళ్లి ఫోటో ఒకటి ఆ గోడ ముందే తీశారని, ఆ ఆల్బమ్ బెంగళూరులో నీ దగ్గరే ఉందని మీ నాయన చెప్పారు. ఫోటోలో గుడి మూల కొంచెమైనా పడి ఉంటే చాలురా. ఆ మూల రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటి కొలతలు మా దగ్గర ఉన్నాయి. వాటిని బట్టి ఆ రోజు ఫోటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డాడో లెక్కగట్టొచ్చు. అక్కడి నుంచి గోడ ఎత్తు తేలుతుంది. అంత మేరకే ఒట్టి బూడిద రంగులో పెడతాం, రాతి బొమ్మ అతికించం. చూడగానే తేడా తెలిసిపోవాలి.

ఫోన్‌తో ఫోటో తీయొద్దు, మెరుపు పడుతుంది. స్కానర్‌లో 600 డీపీఐ పెట్టు. పసుపు మరకలు, గీతలు ఏవీ తుడపొద్దు. వెనక స్టూడియో ముద్రగానీ తేదీగానీ ఉంటే అదీ స్కాన్ చెయ్యి. ఆల్బమ్‌కు అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకొద్దు, అట్లాగే చేసి పంపు. మన లెక్క సరిపోయిందో లేదో చూసుకోవాలి, కాబట్టి పెళ్లినాటికి అత్త ఎంత పొడవు ఉండేదో కూడా కనుక్కో. ఇప్పుడు నడుం వంగింది కదా, టేపుతో కొలిస్తే రాదు. పక్కన నిలబడితే మీ నాయనమ్మకు ఎందాకా వచ్చేదో అడుగు.

నీ
శీను