బావకో ఉత్తరం: వెలిగారం, ఫెవికాల్, సెలవుల్లో పిల్లలు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

ఒరేయ్ బావా,

సెలవుల్లో పిల్లలు టీవీ ముందు నుంచి లేవట్లేదు, ఆ సాగే పుట్టీ కిట్టేదో ఆన్‌లైన్‌లో కొననా అని ఫోన్‌లో అడిగావు. నేను నోరు తెరిచేలోపు నీకు మీటింగ్ వచ్చిపడింది. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. కొనకు. ఆ పెట్టెలో ఉండేది ఓ జిగురు సీసా, ఓ పొడి పొట్లం, కాస్త రంగు, చిటికెడు తళుకులు. మిగిలిందంతా అట్టే. ఆ సరుకంతా మీ కూకట్‌పల్లిలోనూ దొరుకుతుంది. పైగా అల్లుణ్ణీ, కోడలు పిల్లనీ వెంటబెట్టుకుని నువ్వే కొట్లు తిరిగి కొన్నావనుకో, సగం సైన్సు అక్కడే అయిపోతుంది. మాకు అలాగే అయింది.

కావలసినవి ముఖ్యంగా రెండే. తెల్ల జిగురు, వెలిగారం. జిగురంటే ఫెవికాల్ ఎంఆర్, పిల్లల క్రాఫ్టు పనులకి కొంటామే, ఆ పిండే సీసా. వెలిగారం అంటే బోరాక్స్. మూలికలు అమ్మే పాత పచారీ కొట్లో అడిగితే తెల్లటి గడ్డలు పొట్లం కట్టి ఇస్తారు. మీవాళ్లు బోరాక్స్ అంటే మొహం చూస్తారు, వెలిగారం అనే అడుగు.

నేను మా గుంటల్నీ, పై అంతస్తు కుర్రాణ్ణీ స్కూటరెక్కించుకుని వన్ టౌన్ వెళ్లాను. కురుపాం మార్కెట్ దగ్గర నగల పని చేసే ఓ పెద్దాయన ఉన్నాడు, మా అమ్మ గాజులు అతికేది ఆయనే. "తాతా, వెలిగారం ఎందుకు వేస్తావు?" అని మా చిన్నది అడగ్గానే పని ఆపి చూపించాడు. చిటికెడు వెలిగారం మీద మంట ఊదితే ముందు తెల్లగా ఉబ్బి పొంగింది. అందులో ఉన్న నీరంతా పోయేదాకా ఆ పొంగు. తర్వాత కుంగి, కరిగి, గాజుపూస అయి కూర్చుంది. నగలో బంగారంతో పాటు రాగి కూడా ఉంటుంది కదా, వేడికి ఆ రాగి నల్లబడుతుంది. కరిగిన వెలిగారం ఆ నలుపుని తనలో కలిపేసుకుంటుంది. లోహం శుభ్రంగా ఉంటేనే టంకం పారేది. ఆయన ఇంత రసాయనం చెప్పలేదులే, "ఇది లేపోతే టంకం పట్టదమ్మా" అన్నాడంతే. ఇంటికొచ్చాక నేను విడమరిచాను. అయినా గుంటలకి గుర్తున్నది ఆ పొంగే.

ఇక పద్ధతి. ఓ కప్పు గోరువెచ్చని నీళ్లలో ఓ టీ చెంచాడు వెలిగారం పొడి వేసి కరిగేదాకా కలపాలి. గడ్డల్ని కాగితంలో చుట్టి రాయితో కొట్టు, చెల్లెమ్మ రోటి జోలికి మాత్రం వెళ్లకు. వేరే గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల ఫెవికాల్, కొంచెం నీళ్లు. నీళ్లు ఎంత అనేదాన్ని బట్టే చివరికి వచ్చే సరుకు. జిగురుకి సమానంగా పోస్తే జారిపోయే జిగట ముద్ద, అదే స్లైమ్ అంటారే, అది వస్తుంది. సగం కంటే తక్కువ పోస్తే గట్టి ముద్ద, నేలకేసి కొడితే ఎగిరే రకం. ఇప్పుడు వెలిగారం నీళ్లు చెంచా చెంచాగా వేస్తూ కలుపుతూ పోవడమే. ముందు దారాలు దారాలుగా కడుతుంది, చేతికంటుకుని విసిగిస్తుంది. అక్కడ ఆగకూడదు. గిన్నె అంచులు వదిలి ఒక్క ముద్దయ్యాక చేత్తో బాగా పిసకాలి. ఎక్కువ పోశారంటే మాత్రం ముద్ద బిగుసుకుపోయి, సాగడం మానేసి, పుటుక్కున తెగుతుంది.

ఇక్కడే నీకో మాట. సరైన కొలత చెప్పేసి అచ్చం అలాగే చెయ్యండి అనకు. అలా అయితే అది ఆవకాయ పెట్టడమే, ప్రయోగం కాదు. మూడు గిన్నెల్లో జిగురూ నీళ్లూ ఒకేలా పెట్టి, వెలిగారం నీళ్లు ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో మధ్యస్తం, ఒకదాంట్లో దండిగా పోయించు. మారేది ఒక్కటే ఉండాలి. రెండు మార్చేస్తే దేనివల్ల ఏమైందో తేలదు. మా పైనింటి కుర్రాడికి ఇది నచ్చలేదు, అన్నీ ఒకేసారి కలిపెయ్యాలని వాడి ఆత్రం. మా పెద్దది వాడి చేతిలో చెంచా లాక్కుని నోట్‌బుక్కులో గీతలు గీసి పట్టిక రాసింది. సైన్సు వల్ల ఎవరికి ఏమొచ్చిందో గానీ దానికి పెత్తనం బాగా వచ్చింది.

రంగుకి ఫుడ్ కలర్ వెయ్యొచ్చు, కానీ పసుపు వేసి చూడు. ఆ ఊహ మా అమ్మది. పిల్లల చేతిలో వెలిగారం పొట్లం చూసి, చిన్నప్పుడు వాళ్లింట్లో కుంకుమ చేసేవాళ్లమని చెప్పింది. పసుపు, వెలిగారం, పటిక, నిమ్మరసం కలిపి ఆరబెట్టేవారట. నాకు వెంటనే వెలిగింది. జిగురులో చిటికెడు పసుపు వేస్తే పచ్చగా ఉంటుంది. వెలిగారం నీళ్లు పడగానే ఎరుపు తిరుగుతుంది, ఎందుకంటే వెలిగారం నీళ్లు క్షారం, పసుపు క్షారంలో రంగు మారుస్తుంది. చివర్లో ఓ చిన్న ముక్క మీద వెనిగర్ చుక్కలు వేయించు. రంగు మళ్లీ పచ్చబడుతుంది, ముద్ద కూడా పట్టు వదిలి జారిపోతుంది. రెండూ ఒకేసారి జరిగేసరికి "ఎందుకు, ఎందుకు" అని మీద పడతారు, సిద్ధంగా ఉండు. పాత బట్టలు మాత్రం తొడుగు, పసుపు మరక సంగతి నీకు తెలిసిందే.

ఇంతకీ ఎందుకంటే, జిగురులో పొడవాటి అణు గొలుసులు ఉంటాయి. మామూలుగా ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతుంటాయి, అందుకే జిగురు పారుతుంది. వెలిగారం నీళ్లలోని బోరేట్ రెండు గొలుసుల్ని పట్టి కలుపుతుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో పరిచిన వల ఊహించుకోమని చెప్పాను పిల్లలకి. తాళ్లున్నాయి, ముడులున్నాయి. తేడా ఏమిటంటే ఈ వల ముడులు వాటంతటవే ఊడుతూ, పక్క తాడుతో మళ్లీ పడుతూ ఉంటాయి. నెమ్మదిగా లాగితే ముడులు మారడానికి వ్యవధి ఉంటుంది, ముద్ద సాగుతుంది. ఒక్క కుదుపు కుదిపితే వ్యవధి ఉండదు, తెగుతుంది. వెనిగర్ పడితే క్షారం పోతుంది, బోరేట్ ముడులు నిలవవు. పసుపు రంగు మారేదీ, ముద్ద జారేదీ అందుకే ఒకేసారి.

మీ ఇంట్లో క్యారమ్ బోర్డు ఉందిగా, దాని పౌడర్‌తో ఇంకో తమాషా. డబ్బా మీద బోరిక్ అని రాసి ఉందో లేదో చూసుకో, అన్నిట్లో ఉండదు. బోరిక్ పౌడర్ ఆమ్లం. దాన్ని నీళ్లలో కరిగించి జిగురులో పోస్తే పెద్దగా ఏమీ కాదు. అందులోనే వంటసోడా కలిపి పోస్తే జిగురు చిక్కబడుతుంది. వెలిగారంలోనూ, ఈ పౌడర్‌లోనూ ఉండే బోరాన్ అనే మూలకం ఒక్కటే చాలదు, క్షారం కూడా కావాలన్నమాట. కాంటాక్ట్ లెన్స్ కడిగే నీళ్లతో, వంటసోడాతో స్లైమ్ చేసే పద్ధతిలో ఉన్న కిటుకూ ఇదే.

గంజి సంగతి కూడా చెప్పాలి. అమెరికావాళ్ల వీడియోల్లో లిక్విడ్ స్టార్చ్ పోస్తారు, ముద్ద ఇట్టే వచ్చేస్తుంది. అది చూసి మా ఎదురింటావిడ అన్నం వార్చిన గంజి పోసి పిల్లల్తో గంటసేపు కలిపించింది. అంట్లు తప్ప ఏమీ మిగల్లేదు. అక్కడ ఆ సీసాల్లో గంజితో పాటు బోరాక్స్ కూడా కలిపి అమ్ముతారు, పని చేసేది అదే. మన గంజిలో అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆడించేటప్పుడు చేయించాల్సినవి: ముద్దని ఉండచేసి గడప మీద పెట్టి వదిలెయ్యమను, అరగంటకి అప్పచ్చి అయిపోతుంది. నీళ్ల స్కెచ్ పెన్‌తో బొమ్మ గీసి దాని మీద ముద్దని నొక్కితే బొమ్మ ముద్దకి దిగుతుంది. ఓ ముక్క ఫ్రిజ్‌లో పెట్టి, ఓ ముక్క ఎండలో పెట్టి రెండూ లాగి చూడమను. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది సూది లేని సిరంజీ. స్లైమ్‌ని అందులో ఎక్కించి నొక్కితే బయటికొచ్చే దారం సిరంజీ రంధ్రం కంటే లావుగా ఉబ్బుతుంది. ఇరుకులో సాగిన గొలుసులు బయట పడగానే మళ్లీ ముడుచుకుంటాయి. జంతికల గొట్టంతో ఇంకా బాగా కనబడేది, కానీ వెలిగారం తగిలిన గొట్టంలో మళ్లీ జంతికలు వద్దు.

వీళ్లకి అసలు పుట్టీ కథ కూడా చెప్పాను, మన ఊరి ముక్క దాన్లో ఉంది కాబట్టి చెవులు రిక్కించి విన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి కదా. ఆ ఏడాది మొదట్లోనే మలయా రబ్బరు తోటలు కూడా వాళ్ల చేతికి పోయాయి. అమెరికాలో టైర్లకి, బూట్లకి రబ్బరు కరువై, కృత్రిమ రబ్బరు కోసం వెతికారు. 1943లో జనరల్ ఎలక్ట్రిక్‌లో జేమ్స్ రైట్ అనే ఇంజినీరు సిలికోన్ నూనెలో బోరిక్ ఆసిడ్ కలిపితే ఎగిరే, సాగే ముద్ద వచ్చింది. డౌ కార్నింగ్‌లోని ఎర్ల్ వారిక్ ముందు నేనే చేశానన్నాడు, అది వేరే తగువు. టైర్లకి అది పనికి రాలేదు. 1950లో పీటర్ హాడ్జ్‌సన్ అనే ఆయన దాన్ని ప్లాస్టిక్ గుడ్లలో పెట్టి సిల్లీ పుట్టీ పేరుతో డాలరుకొకటి అమ్మాడు. 1968లో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన అపోలో 8 వ్యోమగాములు పనిముట్లు తేలిపోకుండా అంటించుకోవడానికి దాన్ని పట్టుకెళ్లారు. మన ఫెవికాల్ ముద్దలో సిలికోన్ ఉండదు, గొలుసులు వేరు. ముడులు వేసే బోరాన్ మాత్రం రెంటిలోనూ ఉంది.

ముద్ద ఘనమా, ద్రవమా అని మా వాళ్లకి పెద్ద గొడవ అయింది. సాయంత్రం బీచ్ రోడ్డులో కూడా తెగలేదు. అప్పుడు 1927లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగం చెప్పాను. సుత్తితో కొడితే పగిలే, తారులాంటి నల్లటి పిచ్‌ని గరాటులో పెట్టారు. 2014 నాటికి కింద పడినవి తొమ్మిది చుక్కలు! అది విని మా చిన్నది అటు డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూపించి, "అయితే ఆ కొండ కూడా కారుతుందా నాన్నా?" అంది. మార్కస్ రైనర్ అని ఓ శాస్త్రవేత్త 1964లో అచ్చంగా ఇదే చెప్పాడురా. బైబిల్లో డెబోరా అనే ప్రవక్త్రి దేవుడి ముందు కొండలు ప్రవహించాయని పాడిందట. మనం చూసే వ్యవధి చిన్నది కాబట్టి మనకి కనబడదు అన్నాడాయన. పదార్థం సర్దుకోవడానికి పట్టే కాలాన్ని మనం చూసే కాలంతో భాగిస్తే వచ్చేదానికి డెబోరా సంఖ్య అని పేరు పెట్టాడు. ఇది నేను చెప్పేసరికి పైనింటి కుర్రాడు ఐస్‌క్రీం బండి దగ్గరికి పరిగెత్తాడు. ఫరవాలేదు, ఒకత్తి అడిగింది, చాలు.

జాగ్రత్తలు చదవకుండా దాటేయకు. వెలిగారం కడుపులోకి పోకూడదు, మంచిది కాదు. చూడ్డానికి ఉప్పూ సోడాలా ఉంటుంది కాబట్టి వంటగదిలో పెట్టకు, డబ్బా మీద పేరు రాసి పైన అలమారలో దాచు. పొడి కరిగించే పని నీదే. గిన్నెలు, చెంచాలు మళ్లీ వంటకి వాడకు. చేతి మీద గాయముంటే ముట్టనివ్వకు, ఆడాక సబ్బుతో చేతులు కడిగించు. కోడలు పిల్ల ఇంకా అన్నీ నోట్లో పెట్టుకుంటోందని చెల్లెమ్మ అంది కదా. దానికి ఈ ముద్ద వద్దే వద్దు. రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌లో ఓ వంతు నీళ్లు కలిపి ఇవ్వు. గుద్దితే గట్టి, వదిలితే జారు. నాకినా భయం లేదు.

మాకు ఉప్పుగాలి తేమకి ముద్ద తొందరగా ఎండదు, జిడ్డుగానే ఉంటుంది. మీ హైదరాబాద్ ఎండకి మూత పెట్టకపోతే పూటలో అట్టకట్టేస్తుంది, గట్టి మూత డబ్బాలో పెట్టు. కొన్నాళ్లకి బూజు వాసన వస్తే చెత్తబుట్టలో వెయ్యి. సింకులో వేశావో, ప్లంబర్ ఖర్చు ఆ కిట్టు ధర దాటుతుంది. సోఫాకి, జుట్టుకి అంటుకుంటే వెనిగర్ రాసి కాసేపాగి గోరువెచ్చని నీళ్లతో కడుగు. ఈ విద్య మాకు మా పెద్దదాని జడ నేర్పింది.

దసరాకి వస్తామన్నారుగా. వస్తే అల్లుణ్ణి కురుపాం మార్కెట్ తాత దగ్గరికి తీసుకెళ్తాను. ఈలోపు వాడు చేసిన మూడు గిన్నెల పట్టిక ఫోటో తీసి పంపమను, మా పెద్దది తన పట్టికతో పోల్చి తప్పులు దిద్దడానికి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ