ఇంగ్లీషు పఠనానికి డిగ్రీలోనే చోటివ్వండి: ఉన్నత విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధించే అధ్యాపకుడిగా, జీఆర్ఈ, జీమ్యాట్ (ముఖ్యంగా మేనేజ్‌మెంట్ కోర్సులకు) వంటి పీజీ ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యేవారి పక్కన కూర్చుని ప్యాసేజీలు చదివించినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. ఈ పరీక్షల్లో ఇంగ్లీషు పఠన, తార్కిక శక్తిని కొలిచే వెర్బల్ విభాగానికి కళాశాలల్లోనే ఉచిత శిక్షణ ఇప్పించాలని కోరే వినతులు మీ వద్దకు వస్తూనే ఉంటాయి. వెర్బల్ శిక్షణ అనగానే చాలామంది మనసులో మెదిలేది వర్డ్ లిస్టే: కొన్ని వేల పదాలు, ఒక్కో పదానికి ఎదురుగా ఒక్కో అర్థం, పరీక్షకు రెండు మూడు నెలల ముందు మొదలయ్యే బట్టీ. ప్రజాధనాన్ని ఆ దారిలో ఖర్చు పెట్టవద్దనీ, అదే సొమ్మునూ సమయాన్నీ డిగ్రీ మొదటి సంవత్సరం నుంచే వాదనతో కూడిన ఇంగ్లీషు వచనాన్ని నిదానంగా చదివించడానికి కేటాయించాలనీ నా విన్నపం.

వర్డ్ లిస్టుల మోజు ఊరికే పుట్టలేదు. 2011 ఆగస్టుకు ముందు జీఆర్ఈలో ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాన్ని గుర్తించడం), అనాలజీస్ (ఒక పదాల జంటలోని సంబంధమే ఉన్న మరో జంటను గుర్తించడం) అనే రెండు రకాల ప్రశ్నలు ఉండేవి. వెనకా ముందూ వాక్యమేమీ లేకుండా ఒక పదాన్నో, పదాల జంటనో ఇచ్చి జవాబు అడిగేవారు కాబట్టి, అప్పట్లో ఎక్కువ పదాలు గుర్తుపెట్టుకున్నవారికి లాభం ఉండేది. పరీక్షను నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఆ ఏడాది ఆగస్టులో ఆ రెండింటినీ తొలగించింది, 200 నుంచి 800 వరకు ఉన్న స్కోరు కొలమానాన్ని 130 నుంచి 170కి మార్చింది. 2023 సెప్టెంబరులో పరీక్షను మరింత కుదించింది. ఇప్పుడు వెర్బల్‌లో రెండు సెక్షన్లు: మొదటిదానిలో 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోదానిలో 23 నిమిషాల్లో 15 ప్రశ్నలు. మొదటి సెక్షన్‌లో ఎలా రాశారన్న దాన్నిబట్టి రెండోదాని కష్టం మారుతుంది. మొత్తం ప్రశ్నల్లో దాదాపు సగం ప్యాసేజీల మీదే వస్తాయి. జీమ్యాట్ కూడా 2023 నవంబరులో వచ్చిన కొత్త రూపంలో వాక్యంలోని తప్పును సరిదిద్దే సెంటెన్స్ కరెక్షన్‌ను వదిలేసి, ప్యాసేజీ చదివి జవాబు చెప్పే రీడింగ్ కాంప్రహెన్షన్, చిన్న వాదనను విశ్లేషించే క్రిటికల్ రీజనింగ్‌లను మాత్రమే ఉంచుకుంది. పరీక్షలు ఇంతగా మారినా చాలా కోచింగ్ సెంటర్లు ఇంకా పాత ప్రశ్నపత్రానికే పాఠాలు చెబుతున్నాయి.

జీఆర్ఈలో మిగతా సగంగా వచ్చే ఖాళీలు పూరించే ప్రశ్నలకైనా పదజాలమే కదా కావలసింది అని మీ అధికారులు అడగవచ్చు. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకాన్నే చూద్దాం. ఒక వాక్యంలో ఒక ఖాళీ, ఆరు ఆప్షన్లు ఉంటాయి. వాక్యానికి ఒకే అర్థాన్నిచ్చే రెండింటిని ఎంచుకోవాలి, రెండూ సరైతేనే మార్కు. నేను తరగతిలో ఇచ్చే ఒక వాక్యం సారాంశం ఇది: మొదట్లో ఆ సిద్ధాంతాన్ని ఎగతాళి చేసినవారు సైతం, ఆధారాలు ఒక్కొక్కటిగా పోగవుతున్నకొద్దీ, మనసొప్పకపోయినా దానిపట్ల తమ ‘ఫలానా’ వైఖరిని తగ్గించుకోక తప్పలేదు. ఆప్షన్లలో సందేహాన్ని సూచించే జంట ఒకటి, మెచ్చుకోలును సూచించే జంట ఒకటి, ఏ జంటకూ చెందని పదాలు రెండు ఉంటాయి. ఆరు పదాలకూ అర్థం తడుముకోకుండా చెప్పగల విద్యార్థులు కూడా మెచ్చుకోలు జంటనే గుర్తిస్తారు. ఆధారాలు పోగవడం అన్న మాట వాళ్లను మంచి వైపుకు లాగుతుంది. చివర ఉన్న ‘తగ్గించుకోక’ అన్న క్రియ మీద కన్ను నిలవదు. మెచ్చుకోలును సూచించే రెండు పదాలూ పర్యాయపదాలే కాబట్టి జవాబు దొరికిందన్న ధీమా కూడా తోడవుతుంది. ఈ పొరపాటును ఏ వర్డ్ లిస్టు సరిదిద్దుతుంది?

ప్యాసేజీల దగ్గరికి వస్తే ఈ లోపం మరింత స్పష్టంగా కనబడుతుంది. నేను తరచుగా ఇచ్చే ఒక ప్యాసేజీలో మూడు గొంతులు ఉంటాయి. అచ్చు పుస్తకాలు రాగానే బిగ్గరగా చదివి వినిపించే సంప్రదాయం అంతరించిందని పాత చరిత్రకారులు అంటారు. అచ్చయిన పుస్తకాలను కూడా పదిమంది మధ్య కూర్చుని చదివి వినిపించేవారని కొత్తవారు ఆధారాలు చూపుతారు. ఆ ఆధారాలు నమ్మదగినవే గాని అన్నీ నగరాల నుంచి వచ్చినవే కాబట్టి పల్లెల గురించి అప్పుడే తీర్పు చెప్పలేమని వ్యాసకర్త ముగిస్తాడు. కొత్త చరిత్రకారుల పట్ల వ్యాసకర్త వైఖరి ఏమిటని అడిగితే, తరగతిలో ఎక్కువమంది ‘పూర్తి ఆమోదం’ అనో ‘తిరస్కారం’ అనో రాస్తారు. సరైన ఆప్షన్‌లో ‘క్వాలిఫైడ్’ అన్న పదం ఉంటుంది. అది అర్హతకు సంబంధించిన మాట అని చిన్నప్పటి నుంచి తెలిసినవారే గనుక, పరిమితులతో కూడిన ఆమోదం అన్న అర్థంలో అది వచ్చినప్పుడు పక్కకు నెట్టేస్తారు. ఇంత మామూలు పదాన్ని ఏ జాబితా తయారుచేసేవారూ పట్టించుకోరు. ఒకరి అభిప్రాయాన్ని ఉదహరించడానికీ దానితో ఏకీభవించడానికీ ఉన్న తేడా, కొంత ఒప్పుకుని కొంత ఆపుకునే రచయిత నేర్పు, ఇవి అలాంటి రచనలు ఎన్నో చదివితేనే కంటికి ఆనతాయి.

పదజాలం అక్కర్లేదని నేను అనడం లేదు. ఇంగ్లీషులో ఒక రచనను ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకోవాలంటే అందులోని పదాల్లో 98 శాతం తెలిసి ఉండాలని, అందుకు ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మూల పదం, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) అవసరమని భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో లెక్కగట్టారు. 98 శాతమంటే యాభై పదాలకు ఒక్కటి మాత్రమే కొత్తది కావడం. ఇంత పెద్ద సంపద మూడు నెలల్లో చేతికి వచ్చేది కాదు. బట్టీ పట్టినది ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించారు. జాబితాయే కావాలనుకుంటే, భాషాశాస్త్రవేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్టు ఉంది. అందులో ఉన్నవి 570 పద కుటుంబాలే అయినా, విద్యా సంబంధమైన రచనల్లో సుమారు పది శాతం పదాలు వాటి నుంచే వస్తాయి. అస్యూమ్, డిరైవ్, ఇంప్లై, కంట్రరీ వంటి మాటలవి. వాటిలో ఆర్భాటమేమీ లేదు కాబట్టే మన శిక్షణా తరగతుల్లో వాటికి గౌరవం లేదు. ఒకవైపు పదం, మరోవైపు అర్థం రాసుకునే ఫ్లాష్ కార్డులు కూడా చదివిన వచనంలో ఎదురైన పదాలతో తయారుచేసుకుని, రోజుల ఎడంతో తిరగేసుకుంటే పనికొస్తాయి.

మరొక సంగతిని విద్యావిధానం రూపొందించేవారు తప్పక గమనించాలి. విషయ పరిజ్ఞానం లేని పఠన నైపుణ్యం కొంతదూరమే నడుస్తుంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనాన్ని పిల్లలకు ఇచ్చి పరీక్షిస్తే, చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవారు, చదవడంలో ముందున్నా ఆట తెలియనివారికంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు. జీఆర్ఈ ప్యాసేజీలు భౌతిక, జీవ శాస్త్రాల నుంచి, సామాజిక శాస్త్రాల నుంచి, కళలూ మానవీయ శాస్త్రాల నుంచి వస్తాయి. పద్ధెనిమిదో ఏట నుంచి తన సబ్జెక్టు నోట్సు తప్ప మరొకటి ముట్టని విద్యార్థికి కళావిమర్శ మీది ప్యాసేజీ ఎదురైతే, ప్రతి పదం తెలిసినా లోపలికి దారి దొరకదు.

అందువల్ల ప్రతి డిగ్రీ కోర్సులోనూ మొదటి ఏడాది నుంచి వారానికి రెండు గంటల పఠన తరగతిని క్రెడిట్లతో సహా పెట్టించండి. అందులో శాస్త్ర వ్యాసాలు, చరిత్ర, అర్థశాస్త్రం, కళావిమర్శ, పుస్తక సమీక్షలు చదివించాలి. ఒక్కో వ్యాసానికి విద్యార్థి రాయవలసినవి రెండు మూడు వాక్యాలు చాలు: రచయిత ఏమంటున్నాడు, ఎవరితో విభేదిస్తున్నాడు, ఎదుటివారి మాటల్లో దేన్ని ఒప్పుకుంటున్నాడు. ఈ పనిని ఇంగ్లీషు విభాగం నెత్తిన మాత్రమే పెట్టకుండా భౌతికశాస్త్ర, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులకు కూడా పంచాలి. గ్రంథాలయాలకు ఇచ్చే నిధుల్లో కొంత గైడ్ల నుంచి మళ్లించి పత్రికలకు, జర్నళ్లకు కేటాయించాలి.

వీటన్నిటికంటే ముఖ్యం డిగ్రీ ఇంగ్లీషు ప్రశ్నపత్రం. ఇప్పుడు నేను చూసే ప్రశ్నపత్రాల్లో ఎక్కువ మార్కులు నిర్ణీత పాఠాలకే దక్కుతాయి. ఆ పాఠాల సారాంశాలు గైడ్లలో దొరుకుతాయి, విద్యార్థులు వాటిని అప్పజెప్పి మంచి మార్కులతోనే గట్టెక్కుతారు. ఏడాదంతా చదవకుండానే ఇంగ్లీషులో తొంభై మార్కులు తెచ్చుకోగలిగినప్పుడు పఠన తరగతికి ఎవరు వస్తారు? పరీక్షలో సగం మార్కులైనా ముందెన్నడూ చూడని ప్యాసేజీలకు కేటాయించమని విశ్వవిద్యాలయాలకు సూచించండి. ప్రశ్నలు కూడా ‘మూడో వాక్యంలో రచయిత ఏమన్నాడు’ అన్న స్థాయిలో ఆగిపోకుండా, ‘ఈ వాక్యాన్ని ఇక్కడ ఎందుకు చేర్చాడు’ అని అడిగేవిగా ఉండాలి. ఈ ఒక్క మార్పు రాకపోతే పైన నేను అడిగినవన్నీ కాగితాల మీదే ఉండిపోతాయి. మార్కులు ఎటుంటే విద్యార్థులు అటే నడుస్తారు, అందుకు వారిని తప్పుపట్టలేం.

ఈ ఏడాదే పరీక్ష రాయవలసినవారి మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. వారి కోసం కొద్ది వారాల తరగతి పెట్టండి, కాని దాన్ని ఈటీఎస్ ఉచితంగా అందించే రెండు పవర్‌ప్రెప్ ఆన్‌లైన్ నమూనా పరీక్షల చుట్టూ నడపండి. తప్పయిన ప్రతి జవాబూ ఎందుకు తప్పయిందో విద్యార్థి చేత రాయించగల అధ్యాపకుడు దొరికితే, ఖరీదైన మాక్ టెస్టుల కట్టలు కొనవలసిన పని ఉండదు. 2020 తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు జీఆర్ఈ తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తేశాయి కదా, ఇంత శ్రమ దేనికని కూడా కొందరు అంటున్నారు. పరీక్ష తప్పినా చదువు తప్పదు. పీజీలో చేరిన మొదటి నెలలోనే వారానికి కొన్ని వందల పేజీలు చదివి వాటిమీద తరగతిలో మాట్లాడవలసి వస్తుంది. పరిశోధనకు వెళ్లినవారికైతే అదే రోజువారీ పని.

రాష్ట్రమంతటా ఒక్కసారే మొదలుపెట్టడం కష్టమైతే, వచ్చే విద్యా సంవత్సరం కొన్ని కళాశాలల్లో ప్రయోగాత్మకంగా అమలు చేయించండి. ఏడాది మొదట్లో, చివర్లో ఒకే స్థాయి కొత్త ప్యాసేజీలతో పరీక్ష పెట్టి, వర్డ్ లిస్టు శిక్షణ పొందినవారి ఫలితాలనూ పఠన తరగతులకు వెళ్లినవారి ఫలితాలనూ పక్కపక్కనే ప్రకటించండి. నా అంచనా తప్పని తేలినా ఆ లెక్కలను దాచవద్దని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల ఇంగ్లీషు అధ్యాపకుడు