డిసెంబర్‌లో భీమిలి ఇల్లు ఎందుకు మూస్తున్నానంటే

చలికాలం పక్షుల కోసం ఏటా మా భీమిలి ఇంటికి వచ్చే మీ అందరికీ విషయం సూటిగా చెప్పేస్తాను. డిసెంబర్ 1 నుంచి సంక్రాంతి వారం దాటేదాకా ఇల్లు ఎవరికీ ఇవ్వడం లేదు. ఆ రోజులకి అడ్వాన్స్ కట్టినవాళ్ళకి మొత్తం డబ్బు వెనక్కి పంపేశాను. అందకపోతే వెంటనే ఫోన్ చేయండి.

కారణం తలుపు బందులు. వినడానికి చిన్న సంగతే. కానీ అక్టోబర్ చివర్లో వాయుగుండం పట్టిన రాత్రి, సముద్రం వైపు వరండా తలుపు పై బందు తెగి, రెక్క గదిలోకి ఒరిగిపోయింది. లోపల ఒక కుటుంబం పిల్లలతో నిద్రపోతోంది. మంచాలు అవతలి గోడకి ఉండబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెల్లారాక మిగతా బందులన్నీ విప్పించి చూశాను. పైకి నిగనిగలాడుతున్నవాటిలో కూడా లోపలి పిన్ను సగం తినేసి ఉంది. అవి వేయించి రెండేళ్ళు కూడా కాలేదు.

అంతకుముందు ఉన్నవి ఇత్తడి బందులు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా పెంకులు లేచిపోయాయి, కొబ్బరి చెట్లు పడిపోయాయి, ఆ బందులు మాత్రం కదల్లేదు. చెక్కకి చెద పట్టి తలుపులు మార్చాల్సి వచ్చినప్పుడు విశాఖలో ఒక డీలర్‌కి సామాను ఆర్డర్ ఇచ్చాను. స్టీలు 316 గ్రేడ్ కావాలని చీటీ మీద రాసిచ్చాను. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పు గాలికి ఎక్కువ కాలం ఆగేది అందుకే. డబ్బు కూడా ఆ రేటుకే కట్టాను. సరుకు దింపిన రోజు ఆయన అయస్కాంతం తీసి బందుకి ఆనించి, 'చూడండమ్మా, అంటుకోవట్లేదు, అసలు సరుకు' అన్నారు. నిజానికి చవకరకం 202 స్టీలుకి కూడా మామూలుగా అయస్కాంతం అంటుకోదు. ఇప్పుడు తెగిన బందు పట్టుకెళ్ళి వేరే స్టీలు వ్యాపారి దగ్గర మందు చుక్క వేయిస్తే మాలిబ్డినం జాడే లేదు. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచి చేసే 202 రకమే అని ఆయన తేల్చేశారు.

డీలర్‌ని అడిగితే వచ్చిన జవాబు: 'సముద్రం పక్కన ఇల్లు కదండీ, ఏదైనా తుప్పు పడుతుంది.' ఆ మాట నాకు ఇంకా అరగలేదు. నేను పుట్టి పెరిగింది ఈ ఒడ్డునే. తుప్పు గురించి నాకు పాఠం చెప్పి పంపించారు. అవే బందులు ఊరికే మార్చి, పైన ఎపాక్సీ పూత వేయిస్తానన్నారు. వద్దన్నాను. ఆయన దగ్గర ఇక ఒక్క మేకు కూడా కొనను.

ఈసారి మళ్ళీ ఇత్తడే. మరలు కూడా ఇత్తడివే, ఎందుకంటే ఇత్తడి బందుకి ఇనప మర బిగిస్తే ముందు ఆ మరే పోతుంది. పని చేసేది భీమిలి వడ్రంగే. ప్రతి తలుపూ నా కళ్ళెదుట వేయిస్తాను.

నాకు నిద్ర పట్టనివ్వనిది బందులు కాదు, ఈ తేదీలు. డిసెంబర్, జనవరి మాకు పంట చేతికొచ్చే నెలలు. 'వెల్డింగ్ పెట్టించి పండగ దాకా లాగేద్దాం, తర్వాత మూద్దాం' అన్నారు మా ఆయన. ఆయన లెక్క తప్పు కాదు. కానీ బంగాళాఖాతంలో డిసెంబర్‌లో కూడా వాయుగుండాలు పడతాయి. వెల్డింగ్ తలుపు పక్కన ఎవరి పిల్లలో పడుకుంటే, గాలి మొదలైన ప్రతి రాత్రీ నేను టార్చ్ పట్టుకుని వాళ్ళ గది చుట్టూ తిరగాలి. పోనీ, సముద్రం వైపు గదులకి తాళం వేసి వెనక గదులు, వంటిల్లు ఇద్దామా అని కూడా ఆలోచించాను. మనసొప్పలేదు. మీరు పక్షుల్ని చూసే దుర్భిణులు (స్పాటింగ్ స్కోప్‌లు) మోసుకొచ్చి, పొద్దున్నే మీరే టీ కాచుకుని కూర్చునేది ఆ వరండాలోనే. అది లేని ఇంటికి డబ్బు తీసుకోవడం నాకు చేతకాదు. క్రిస్మస్ వారంలో తప్పకుండా వచ్చేవాళ్ళకి ఫోన్ చేసి చెబుతుంటే గొంతు పెగల్లేదు. ఒకరు 'పోనీ వరండాలో చాప వేసుకుంటాం' అన్నారు. వాళ్ళకీ కాదనే చెప్పాను.

ఫిబ్రవరి, మార్చికి మార్చుకుంటే పక్షులు దొరకవేమోనని చాలామంది అడుగుతున్నారు. గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉల్లంకి పిట్టలు, సముద్రపు కాకులు (గల్స్) మార్చి దాకా ఉంటాయి. పైగా గోధుమ తల సముద్రపు కాకులు చలికాలమంతా తెల్ల తలతో, చెవి వెనక నల్ల మచ్చతో కనిపిస్తాయి. టిబెట్, లడఖ్ వైపు తిరిగి వెళ్ళే ముందే వాటి తల రంగు తిరుగుతుంది. అది చూడాలంటే మార్చే మంచిది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేదీ ఆ నెలల్లోనే, కాబట్టి రాత్రి సముద్రం వైపు లైట్లు ఆర్పాలనే మన నియమం అలాగే ఉంటుంది.

డిసెంబర్‌లోనే రావాలనుకునేవాళ్ళు విశాఖలో బస చేసినా నడకలు పోవు. ఎర్రమట్టి దిబ్బలకి ఎండ ముదరకముందే వెళ్ళండి, గట్ల అంచుల మీదికి మాత్రం ఎక్కకండి, వాన కోసిన చోట విరిగిపడతాయి. సాయంత్రానికి తొట్లకొండ బాగుంటుంది. పావురాళ్ళకొండకి మంచినీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. దారి తెలియకపోతే అడగండి, ఇల్లు మూసి ఉన్నా నేను ఊళ్ళోనే ఉంటాను.

అద్దె పెంచడం లేదు. తెరిచాక తేదీలు ముందు రద్దయినవాళ్ళకే ఇస్తాను. వాళ్ళు ఎంచుకున్నాకే కొత్తవాళ్ళకి.