ఏ మందు, ఎంత ఇచ్చారో రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

గత నెల మా ఆయనకు శుక్లం ఆపరేషన్ అయింది. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో ఆపరేషన్ చివర కంటి లోపలికి యాంటీబయాటిక్ ఇస్తామన్న మాట చదివి, ఆయన పెన్ను కింద పెట్టేశారు. చుక్కల మందు చాలదా, కంట్లో ఇంజెక్షన్ ఏమిటని ఒకటే టెన్షన్. నేను ఇరవై ఏళ్లకు పైగా కంటి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. నా మాట వినడానికే ఆయనకు గంట పట్టింది.

కొత్తగా గుచ్చేదేమీ ఉండదు. ఆపరేషన్ కోసం పెట్టిన కోతలోంచే, మొద్దు మొన ఉన్న సన్నని గొట్టంతో మందు వదులుతారు. అప్పటికి కన్ను మొద్దుబారే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కంటి లోపల ఇన్ఫెక్షన్ రావడం అరుదే కానీ, వస్తే రోజుల్లోనే చూపు పోవచ్చు. ఇలా కంట్లోకి ఇచ్చే సెఫ్యూరాక్సిమ్ అనే యాంటీబయాటిక్ మీద యూరప్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2007లో వెలువడింది. ఆ ఇంజెక్షన్ ఇవ్వనివాళ్లకు ఇన్ఫెక్షన్ ముప్పు దాదాపు 5 రెట్లని తేలింది. అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 6 లక్షలకు పైగా ఆపరేషన్లు పరిశీలిస్తే, మాక్సిఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇవ్వనివారిలో ఇన్ఫెక్షన్లు పది వేలకు 7, ఇచ్చినవారిలో 2. ఇది విన్నాకే సంతకం పెట్టారు.

నా భయమల్లా మందు కలిపే బల్ల దగ్గరే.

మేం నరానికి ఇచ్చే 750 మి.గ్రా. సెఫ్యూరాక్సిమ్ పొడి సీసానే వాడేవాళ్లం. అందులో 7.5 మి.లీ. సెలైన్ పోసి, దాంట్లోంచి 1 మి.లీ. తీసి మరో 9 మి.లీ. సెలైన్‌లో కలపాలి. అప్పుడు 0.1 మి.లీ.కి 1 మి.గ్రా. వస్తుంది. రెండోసారి కలపడం మరిచిపోతే అదే చుక్కలో 10 మి.గ్రా. పోతుంది. ఒకరోజు వరసగా కేసులు నడుస్తుంటే నేనే మరిచిపోయాను. మొదటి సిరంజినే ట్రేలో పెట్టాను. పక్కనున్న జూనియర్ "అక్కా, రెండోది కలిపారా?" అనబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. మోతాదు మించి రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) వాచిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

అన్ని యాంటీబయాటిక్‌లూ ఒకటి కావు కూడా. వాంకోమైసిన్ ఇచ్చిన కొందరికి రెటీనా రక్తనాళాలు మూసుకుపోయి చూపు పోయిందని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇక చుక్కల సీసాలోంచి సిరంజిలోకి లాగి ఇచ్చే అలవాటు ఎక్కడైనా ఉంటే వెంటనే మానాలి. మందు పాడవకుండా, చిక్కగా ఉండేందుకు కొన్నిటిలో కలిపే పదార్థాలు కంటి లోపలికి పనికిరావు.

కంటి లోపలికని తయారైన, ప్రిజర్వేటివ్ లేని, ఒక్కరికే వాడి పారేసే సీసాలు దొరికేచోట అవే వాడాలి. కలపక తప్పకపోతే ఇద్దరు చూసి సంతకం చేయాలి. డిశ్చార్జి కాగితంలో మందు పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు ఉండాలి. మా ఆయన కాగితంలో "యాంటీబయాటిక్ ఇవ్వబడింది" అని మాత్రమే ఉంది. ఏ మందమ్మా అని అడిగితే కౌంటర్లో అమ్మాయి "అదంతా లోపలివాళ్లకే తెలుసండీ" అంది.

ఆ లోపల పనిచేసి వచ్చాను కాబట్టే అడుగుతున్నాను.

— ఒక రిటైర్డ్ ఓటీ నర్సు