భువనగిరి బండ మీద పిల్లలకు ఒక ఇనుప దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

భువనగిరి కోటకు రోప్‌వే వస్తుందన్న వార్తలు చదువుతున్నాను. రావాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, చంటిపిల్లల తల్లులు కూడా పైదాకా వెళ్లి చూడాలి. అయితే కాళ్లూ చేతులూ బాగున్న వాళ్ల కోసం అదే బండ మీద ఇంకో పని కూడా చేయాలని అడగడానికే ఈ ఉత్తరం. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నా ఆలోచనంతా పిల్లల చుట్టే తిరుగుతుంది.

మా అమ్మాయి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తోంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు సరిహద్దు అవతల, చెక్ దేశంలో ఉన్న దెచీన్ అనే ఊరికి రైల్లో తీసుకెళ్లింది. ఎల్బ నది ఒడ్డున, ఊరిని ఆనుకునే నిట్టనిలువుగా ఇసుకరాతి కొండ. నదికి అవతలి గట్టున కోట. ఆ రాతి పొడవునా ఉక్కు తాడు బిగించి, అడుగు పెట్టడానికి ఇనుప మెట్లు దిగ్గొట్టారు. దీన్ని వియా ఫెర్రాటా అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా సైనికులు డోలమైట్ కొండల్లో తిరగడానికి ఇలాంటి తాళ్లు, నిచ్చెనలు వేసుకున్నారు. ఇప్పుడు యూరప్‌లో సెలవు దొరికితే మామూలు జనం కూడా వీటిని ఎక్కుతున్నారు. కష్టాన్ని బట్టి ఏ, బీ, సీ అని దారులకు గుర్తులుంటాయి. మేం ఎక్కింది కొత్తవాళ్ల దారి.

నడుముకు, తొడలకు బెల్టు కడతారు. దాన్నుంచి రెండు పొట్టి పట్టీలు, ఒక్కోదాని చివర ఒక కొక్కెం. రెండింటినీ ఉక్కు తాడుకు తగిలించుకుని ఎక్కుతూ పోవాలి. అక్కడక్కడ తాడును బోల్టుతో రాతికి బిగించి ఉంటారు, ఆ చోట కొక్కెం ముందుకు జరగదు. అప్పుడు ఒకటి తీసి బోల్టు దాటించి తగిలించాలి. అది పడిందని చూసుకున్నాకే రెండోది తీయాలి. ఎంత తొందరున్నా రెండూ ఒకేసారి తీయకూడదు. మొదట్లో ప్రతి బోల్టు దగ్గరా టెన్షన్ పడ్డాను. కాసేపటికి చేతులకు అలవాటైంది. ఒకచోట మెట్టు దూరంగా ఉంటే పైనుంచి మా అమ్మాయి "అమ్మా, ముందు ఎడమ కాలు పెట్టు" అంది. అన్నేళ్లు గ్రౌండ్‌లో నేను పిల్లలకు చెప్పిన మాటే అది! పైకి చేరాక నది, కోట అన్నీ కనిపించాయి. నాకు మాత్రం మా ఖో-ఖో అమ్మాయిలు గుర్తొచ్చారు. మెరుపులా పరిగెత్తే పిల్లలు. పదో తరగతి కాగానే గ్రౌండ్ మానేశారు, తర్వాత పెళ్లిళ్లయిపోయాయి. తమ ఒంట్లో ఎంత సత్తా ఉందో వాళ్లకు తెలిసే అవకాశమే రాలేదు.

మనకు బండలకేం కొదవ? ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఎటు చూసినా గుట్టలే. క్రషర్లకు పోయి కంకరవుతుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. భువనగిరిది అయిదు వందల అడుగుల ఏకశిల, పైన చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలం నాటి కోట. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఈ బండ మీదే ఎక్కడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. ఇద్దరూ గురుకులాల పిల్లలే. అందరూ ఎవరెస్టుకు పోనక్కర్లేదు. ఒక పూట ఈ బండ ఎక్కి దిగినా చాలు.

ఇసుకరాయి కావాలంటే నల్లమలలో ఆ జాతి రాయి ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. అక్కడ మాత్రం వద్దు. అమ్రాబాద్ పులుల అడవి, చెంచుల ఇల్లు. ఇనుము దిగ్గొట్టే చోటు కాదది. భువనగిరిలోనూ కోట గోడలకు, పాత మెట్లకు దూరంగా, పురావస్తు శాఖ వాళ్లు సరేనన్న వైపే వేయాలి.

వేస్తే సరిగ్గా వేయాలి. నిలువు తాడు మీద జారితే మనిషి కింది బోల్టు దాకా పడి ఒక్క కుదుపుతో ఆగుతాడు. ఆ కుదుపుకు ప్రాణమే పోవచ్చు. అందుకే పట్టీల దగ్గర చీర కుచ్చిళ్లలా మడిచి కుట్టిన ఇంకో పట్టీ ఉంటుంది. పడినప్పుడు ఆ కుట్లు వరసగా చిరుగుతూ దెబ్బను మింగుతాయి. నడుముకు మామూలు తాడు కడితే ఆ పని చేయదు. యూరప్ ప్రమాణాల ప్రకారం ఈ సామాను 40 కిలోల నుంచి 120 కిలోల బరువున్న వాళ్లకే. మన ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామంది నలభై కిలోలుండరు. అంత తేలికైన పిల్ల పడితే కుట్లు సరిగ్గా చిరగవు, దెబ్బంతా ఒంటికే తగులుతుంది. అలాంటి పిల్లల్ని శిక్షకుడు పైనుంచి వేరే తాడుతో పట్టుకునే ఎక్కించాలి. ఈ ఒక్క విషయం టెండరు కాగితంలో రాయకపోతే, అసలు దారే వేయొద్దంటాను.

వానొస్తే మూసేయాలి. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుందని జర్మనీలోని సాక్సనీ కొండల్లో తడి రాతిని ఎక్కనివ్వరు. మన గ్రానైట్‌కు ఆ బాధ లేదు గానీ తడిస్తే జారుతుంది, ఉరుముల వేళ ఇనుప తాడు పట్టుకుని ఉండటం మరీ ప్రమాదం. ఎండాకాలంలో బండ కాలిపోతుంది. కాబట్టి దసరా సెలవుల నుంచి శివరాత్రి దాకా, పొద్దున పూటే నడిపితే మంచిది. బోల్టులు, తాళ్లు ఎవరు, ఎప్పుడు పరీక్షించారో తేదీతో బోర్డు మీద రాయాలి. ఊళ్లోని యువతకు శిక్షణ ఇచ్చి ఆ ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలి.

పర్యాటక శాఖ అధికారులు రోప్‌వే పనులతో పాటే దీన్నీ పరిశీలించాలని కోరుతున్నాను. వారంలో ఒక రోజు సర్కారు బడి పిల్లలకు ఉచితంగా ఇవ్వండి. ఎక్కే చోట సామాను గదితో పాటు ఒక తూకం మిషన్ పెట్టండి. మొదటి బ్యాచ్‌కు పిల్లలు కావాలంటే మా మండలం నుంచి నేనే దగ్గరుండి తీసుకొస్తాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
రామన్నపేట, యాదాద్రి భువనగిరి జిల్లా